గొణుగుడు ఏ జాతి జీవి?

చిరంజీవి మేనల్లుడు గీకుడికి,

మీ అత్తయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నా ఎడమ కాలు తప్ప అందరం క్షేమం.

ఫోనులో చెప్పచ్చు కదా అంటావు. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు "సరే అత్తయ్యా, సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందు నీకు కృతజ్ఞతలు చెప్పాలి. ఆవు తన్ని నేను మంచమెక్కిన దగ్గర్నుంచీ నాకు పిచ్చెక్కకుండా కాపాడింది నువ్వు పంపిన గేమే. జీవితమంతా దొడ్లూ పాకలూ తిరిగిన పశువుల డాక్టర్ని తీసుకొచ్చి కిటికీ పక్కన పడుకోబెడితే ఏమవుతుంది? వీధిలో పోయే కుక్కలకి కిటికీలోంచే వైద్యం చెప్పడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడు వచ్చింది మీ కంపెనీవాళ్ళ 'వనజీవులు'. అడవిలో తిరగడం, వింత జీవుల్ని వలేసి పట్టడం, మచ్చిక చేసుకోవడం, పోటీలకి దింపడం. ఎంత బావుందిరా! ఆ బురదముట్టి నడుస్తుంటే పొట్ట నేలకి రాసుకుంటుంది. ఆ ముళ్ళగొర్రె పడుకునే ముందు తన చుట్టూ తనే తిరుగుతుంది. "దీన్ని గీసినవాడు జంతువుని దగ్గర్నుంచి చూశాడండీ" అని మీ మావయ్యతో అన్నాను. ఆ గీసినవాడు మా ఇంట్లో పెరిగినవాడేనని పాలవాడికి కూడా చెప్పాను.

ఇప్పుడు రెండో భాగం పంపావు. వచ్చిన పూటే విప్పాను. ఒరేయ్, ఇందులో జంతువులేవిరా?

వయ్యారిక అట. నడుముంది, మెడుంది, ఎత్తు మడమల చెప్పులున్నాయి. నెత్తిన ఒక పువ్వు పెట్టి, ఇది మొక్క జాతి జీవి అంటే నేను నమ్మాలా? సర్వరాసురుడట. వాడికి మెడలో బో టై, చేతిలో పళ్ళెం. నేను వల తీస్తే వంగి దండం పెట్టాడు. అలా మర్యాదగా నిలబడ్డ మనిషి మీద వలేసి సంచీలో కుక్కుకుని పోతే దాన్ని మచ్చిక చేసుకోవడం అనరు, కిడ్నాపు అంటారు. జడ్జిగూబ అని ఇంకొకటి. దాన్ని పట్టుకుంటే నాకే శిక్ష పడుతుందేమో అని భయమేసింది.

అన్నిటికన్నా విసుగు పుట్టించేది ఆ గొణుగుడు. పొట్టిగా, ఏప్రాను కట్టుకుని, వెనక బోడి ముడి ఒకటేసుకుని, నేను ఎటు వెళ్తే అటు గొణుక్కుంటూ వెంటపడుతుంది. వల వెయ్యబోతే తప్పుకుంటుంది. పొమ్మంటే పోదు. చేతిలో ఒక గిన్నె. ఆ వాలకం ఎక్కడో చూసినట్టుంది కానీ, గుర్తు రావట్లేదు.

డాక్టరుగా ఒక్క ప్రశ్న అడుగుతాను, జవాబు చెప్పు. వీటికి జ్వరమొస్తే థర్మామీటర్ ఎక్కడ పెట్టాలి? బురదముట్టికైతే నాకు తెలుసు. వయ్యారికకి పెట్టబోతే ముందు నా చెంప పగులుతుంది.

జీవిని గియ్యాలంటే మూడు చూసుకోవాలని నీకు నిక్కర్ల వయసులోనే చెప్పాను. ఏం తింటుంది, ఎలా నడుస్తుంది, ఎక్కడ పడుకుంటుంది. ఇవి తింటే హోటల్లో తినాలి, పడుకుంటే పరుపు మీద పడుకోవాలి. నీ మీద కోపం లేదు, దిగులుగా ఉంది, అంతే.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: సర్వరాసురుణ్ణి ఎలాగో పట్టి మీ మావయ్యకి చూపించాను. "పాపం, డ్యూటీలో ఉన్నట్టున్నాడు, వదిలెయ్" అన్నారు. వదిలేశాను.

*

పూజ్యులైన అత్తయ్యకి,

గీకుడు నమస్కరించి రాసేది. నేను క్షేమం. మీ ఉత్తరం చదివాక కొంచెం తక్కువ క్షేమం.

అత్తయ్యా, మీరు రాసిందంతా నిజమే. మొదటి భాగం గీసినప్పుడు మమ్మల్ని ఎవరూ పట్టించుకోలేదు, అందుకే అవి జంతువుల్లా వచ్చాయి. అది బాగా ఆడింది. దాంతో మా మేనేజరు మమ్మల్ని పట్టించుకోవడం మొదలుపెట్టాడు. "జనం జీవిలో తమని తాము చూసుకోవాలి. బొమ్మలుగా అమ్మాలి. బొమ్మకి చొక్కా తొడగాలంటే దానికి భుజాలుండాలి కదా" అన్నాడు. అంతే, అన్నిటికీ భుజాలొచ్చాయి. భుజాలొచ్చాక చేతులొచ్చాయి, చేతులొచ్చాక పళ్ళేలొచ్చాయి. థర్మామీటర్ గురించి ఎవరం ఆలోచించలేదు. మా గదిలో అందరికీ మీ ప్రశ్న చదివి వినిపించాను. అందరూ తమ తమ బొమ్మల్ని అటూ ఇటూ తిప్పి చోటు వెతుక్కున్నారు.

మీ ముందు దాచడం దేనికి, నాకూ అవి నచ్చలేదు. గడువు తరుముకొస్తుంటే గీసేశాను. ఒక్కటి మాత్రం అలా కాదు. అది నేను మనసు పెట్టి గీశాను. మన ఇంట్లో మనిషినే తలుచుకుని గీశాను. ఏదని అడక్కండి. తెలిస్తే ఆ మనిషి చిన్నబుచ్చుకుంటారేమోనని నా భయం.

కాలు జాగ్రత్త. మావయ్యకి నా నమస్కారాలు.

ఇట్లు,
మీ గీకుడు

తా.క.: సర్వరాసురుణ్ణి వదిలేసినందుకు ధన్యవాదాలు. వాణ్ణి వదిలేసిన ఆటగాళ్ళెవరూ ఇంతవరకూ మాకు తగల్లేదు. పట్టుకున్నవాళ్ళూ పెద్దగా లేరు.

*

చిరంజీవి గీకుడికి,

ఆశీస్సులు. ఇక్కడ కాలు కూడా క్షేమం. నీ ఉత్తరం చదివాక అసలు కాలు సంగతే మర్చిపోయాను.

దొంగవెధవా! ఏదని అడక్కండి అంటావా? అడిగేదేముంది, చదవగానే తెలిసిపోయింది. మన ఇంట్లో ఉన్నదే ఇద్దరం. మీ మావయ్యని చూసి ఎవడైనా ఏం గీస్తాడు? పుస్తకాలు బైండింగు చేసుకుంటూ మూల కూర్చునే మనిషి. కాబట్టి అది నేనే. మళ్ళీ గేము పెట్టుకుని అన్నిటినీ వరసగా చూశాను. అదే మెడ. అదే నిలబడే తీరు. వయ్యారిక!

మొదటి ఉత్తరంలో దాన్ని ఏదో అన్నాను, అది మనసులో పెట్టుకోకు. ఇప్పుడు చూస్తుంటే చాలా లోతుగా గీశావు. నేను ఎత్తు చెప్పులు వెయ్యను, రబ్బరు బూట్లు వేస్తాను. కానీ కళాకారుడికి లోపలి మనిషి కనబడుతుంది కదా. ఆస్పత్రి నుంచి మా కాంపౌండరు వస్తే చూపించి, "ఇదెవరో చెప్పుకో" అన్నాను. అతను చాలాసేపు చూసి, దగ్గి, "మేడం, మీకు నొప్పికి ఏం మాత్ర ఇస్తున్నారు?" అన్నాడు. పాలవాడు మాత్రం ఒప్పుకున్నాడు. నేను చెప్పాకనే అనుకో.

ఒక్క చిక్కొచ్చింది. నీ ఉత్తరం రాకముందే నేను మీ కంపెనీకి ఒక ఫిర్యాదు రాశాను. నీ పేరు ఎత్తలేదులే. నా డిగ్రీలన్నీ కింద రాసి, స్టాంపు గుద్ది, "మనుషుల్లా ఉన్న జీవులన్నిటినీ తక్షణమే తీసెయ్యవలసింది. వీటికి థర్మామీటర్ పెట్టే చోటే లేదు. ఇది వైద్యపరంగా సమర్థనీయం కాదు" అని రాశాను. అది అందితే వయ్యారిక ఒక్కదాన్నీ ఉంచమని నువ్వు చెప్పు.

ఆ గొణుగుణ్ణి మాత్రం తప్పకుండా తీసేయించు.

ఇట్లు,
వయ్యారి అత్తయ్య

తా.క.: మీ మావయ్యకి కూడా చూపించాను. తదేకంగా చూశారు. "నడుము..." అన్నారు. లోపలికెళ్ళి జిగురు కలుపుకోవడం మొదలుపెట్టారు.

*

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. ఈ ఉత్తరం కూర్చుని చదవండి. మీరు కూర్చునే ఉంటారు, అయినా ఇంకొంచెం ఆనుకుని కూర్చోండి.

మీ ఫిర్యాదు అందింది. మీటింగులో చదివారు. చదివింది నేను కాదు, మేనేజరే నిలబడి, గొంతు సవరించుకుని, మీ డిగ్రీలతో సహా చదివాడు. అప్పటికే ఆడేవాళ్ళ నుంచి తిట్లు గంపల కొద్దీ వస్తున్నాయి. "ఇవి జీవులు కావు, వేషాలేసుకున్న మనుషులు" అని అందరిదీ ఒకటే మాట. దాన్ని ఎలా ఒప్పుకోవాలో తెలియక మా పెద్దలు సతమతమవుతున్నారు. మీ ఉత్తరం మునిగేవాడికి తాడులా దొరికింది. "వైద్యులే చెబుతున్నారు, ఇక తప్పదు" అన్నారు. భుజాలు పెట్టమన్న మేనేజరే అందరికన్నా ముందు తలూపాడు. మనిషి పోలికలున్నవన్నీ తీసేస్తున్నారు. లేదా అసలు సిసలు జంతువులుగా తిరగ గీసివ్వాలి. దానికి నేను చాలా సంతోషించాను అత్తయ్యా. మీరు మా గదిలో అందరికీ మేలు చేశారు. పళ్ళేలూ చెప్పులూ గీసి గీసి అందరం విసిగిపోయి ఉన్నాం.

కానీ అందులో నేను మనసు పెట్టి గీసింది కూడా పోతోంది.

ఇప్పుడు అసలు విషయం. అత్తయ్యా, అది వయ్యారిక కాదు. వయ్యారికని నేను బట్టల కొట్టు అద్దాల్లో నిలబెట్టే బొమ్మని చూసి గీశాను. క్షమించండి. కాంపౌండరుగారు మాత్ర గురించి అడిగింది అందుకే.

మన ఇంటి మనిషి గొణుగుడు.

ఇట్లు,
తల దించుకుని,
మీ గీకుడు

తా.క.: మిగిలిన జీవులకి థర్మామీటర్ ఎక్కడ పెట్టాలో డాక్టరుగారిని అడిగి ఒక బొమ్మ వేయించుకోగలమా అని మా మేనేజరు అడుగుతున్నాడు. ఆ డాక్టరు మా అత్తయ్యేనని అతనికి ఇంకా చెప్పలేదు.

*

చిరంజీవి గీకుడికి,

ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన రోజున కోపంతో ఏమీ తినలేదు. వయ్యారిక నుంచి గొణుగుడుకి దింపావు. ఒక్క ఉత్తరంలో ఇంత పొట్టి అయిన ఆడది ఇంకెవరూ ఉండరు.

మర్నాడు ఎంత లేదన్నా ఉండబట్టలేక మళ్ళీ గేము పెట్టాను. ఈసారి దాన్ని తరమలేదు. నా బురదముట్టి పోటీలో చిత్తుగా ఓడి పడిపోయింది. నేను పెంచినవన్నీ, ఒక్కొక్కదానికి ఎంత మేత పెట్టానో, అన్నీ పొదల్లోకి పారిపోయాయి. వయ్యారిక అందరికన్నా ముందు పారిపోయింది. ఆ చెప్పులతో ఎలా పరిగెత్తిందో గానీ. అప్పుడు వచ్చిందిరా గొణుగుడు. పిలవలేదు, ఈల వెయ్యలేదు. గొణుక్కుంటూ వచ్చి, పక్కన చతికిలబడి, ఏప్రాను కొసతో బురదముట్టి మొహం తుడిచి, గిన్నె ముందు పెట్టి, అది లేచేదాకా అక్కడే కూర్చుంది. నేను వల పక్కన పెట్టేశాను.

నేనిలా కనబడ్డానా నీకు? ఆ ఏప్రాను చూసి ముందే పోల్చుకోవలసింది, ఆస్పత్రిలో నేను కట్టుకునేదే కదా. అసలు నేను గొణగను, అరుస్తాను. అయినా బొమ్మలో కొంత మార్చుకుంటారులే. నీకు చిన్నప్పుడు ఆ పెద్ద జ్వరం వచ్చినప్పుడు నుదురు తుడుస్తూ పక్కనే కూర్చున్నది గుర్తుపెట్టుకుని గీశావు కదూ? ఆ రోజుల్లో నేను పశువులకి గాలికుంటు జబ్బు టీకాలు వేస్తూ పక్క ఊళ్ళల్లో ఉన్నానని మీ మావయ్య అంటున్నారు. ఆయనకి జ్ఞాపకశక్తి తక్కువ.

నీకు నేను ఏం చేశానో నాకే తెలియదు. నువ్వు ఇంత దాచుకున్నావు. చాలా సంతోషంరా నాయనా.

కాబట్టి దాన్ని తీసెయ్యనివ్వను. మీ కంపెనీకి రెండో ఉత్తరం రాసి పడేశాను. "గొణుగుడు అనబడే జీవిని నేనే. నన్ను తీసేసే హక్కు మీకు లేదు" అని.

ఇట్లు,
నీ గొణుగుడు

తా.క.: థర్మామీటర్ బొమ్మ ఇందులో పెట్టాను. జడ్జిగూబకి మాత్రం కోర్టు అనుమతి తీసుకుని పెట్టమను.

*

పూజ్యులైన అత్తయ్యకి,

నమస్కారాలు. మీ రెండో ఉత్తరం మా లీగల్ వాళ్ళ దగ్గర ఉంది. "ఒక పెద్దావిడ తాను మన గేములో ఉన్న జీవినని అంటున్నారు. మొన్న థర్మామీటర్ గురించి రాసింది కూడా ఈవిడే. జాగ్రత్తగా వ్యవహరించాలి" అని అందరికీ కాగితం పంపారు. ఇక లాభం లేదని లేచి నిలబడి, ఆవిడ మా అత్తయ్య అని చెప్పేశాను. గదంతా చప్పట్లు కొట్టారు. ఎందుకో నాకూ తెలియదు.

అత్తయ్యా, మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను. నిజం చెప్పకుండా ఉంటే అందరికీ హాయి. కానీ అలా ఉంచేస్తే ఇంకొకరికి రావలసినది మీకు ఇచ్చినట్టవుతుంది. మీకు ఎవరి సొమ్మూ అక్కర్లేదని నాకు తెలుసు.

గొణుగుడు మావయ్య.

ఆ ఏప్రాను ఆస్పత్రిది కాదు, బైండింగుది. దాని మీద మరకలు జిగురు. వెనక ఉన్నది ముడి కాదు, బట్టతల వెనక ఆయనకి మిగిలిన జుట్టు. నా జ్వరమప్పుడు కూర్చున్నది ఆయనే. అమ్మానాన్నా ఓడ ఉద్యోగాలకి వెళ్ళి నన్ను మీ ఇంట్లో దింపిన మొదటి రోజున నేను బల్ల కింద దూరి ఎంతకీ బయటికి రాలేదు, గుర్తుందా? మీరు బయట నిలబడి, "రాకపోతే ఆవుకి వేసే సూది వేస్తాను" అన్నారు. మీరు వెళ్ళాక ఆయన వచ్చి, కింద నా పక్కనే కూర్చుని, ఏదో గొణుక్కుంటూ పుస్తకం కుట్టుకున్నారు. రమ్మనలేదు. ఒక గిన్నె మాత్రం నాకు అందేంత దూరంలో పెట్టారు. బైండింగులో మిగిలిన కాగితాల ముక్కలు కూడా పెట్టారు. నేను మొట్టమొదట గీసింది వాటి మీదే.

మీరు చేసింది తక్కువని కాదు అత్తయ్యా. జంతువుని ఎలా చూడాలో నాకు చూపించింది మీరు. మీతో దొడ్లమ్మట తిరక్కపోతే నాకు బురదముట్టి లేదు, ఈ ఉద్యోగమూ లేదు. ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఒక సాయం చేసి పెట్టాలి. గొణుగుణ్ణి జంతువుగా తిరగ గీసిస్తే ఉంచుతామన్నారు. మీరు చెప్పింది నిజం, నేను మావయ్యకి ముట్టె పెట్టకుండా అలాగే దింపేశాను, అది బద్ధకం. మీరు ఒక వారం ఆయన్ని పశువుని చూసినట్టు చూసి రాయండి. ఏం తింటారు, ఎలా నడుస్తారు, ఎక్కడ పడుకుంటారు. ఆయనకి చెప్పకండి. చూస్తున్నారని తెలిస్తే ఆయన బిగుసుకుపోతారు.

ఇట్లు,
మీ గీకుడు

తా.క.: దయచేసి ఉష్ణోగ్రత తియ్యకండి.

*

చిరంజీవి గీకుడికి,

ఆశీస్సులు. రెండుసార్లు పదవి పోగొట్టుకున్న అత్తయ్య రాసేది.

మొదట ఉడుక్కున్నాను. తరవాత, ఇన్నేళ్ళు పక్కన ఉన్న మనిషిని స్క్రీను మీద చూసి కూడా పోల్చుకోలేకపోయాను కదా అనిపించింది. మందలో నుంచి ఒక కుంటి గొర్రెని దూరం నుంచే పడతానని పేరు నాకు. సరే, పని మొదలుపెట్టాను. ఇదిగో రిపోర్టు.

తిండి. అందరికన్నా ఆఖర్న తింటారు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి తింటారు. ఎందుకు నిలబడతారా అని చూస్తే, అక్కణ్ణుంచి నా మంచం కనబడుతుంది. నాకు జావ చల్లారే లోపల రెండుసార్లు వచ్చి గిన్నె ముట్టుకుని చూసి వెళ్తారు.

నడక. మడమలు నేలకి ఆనించరు. దెబ్బేమైనా ఉందేమో అనుకున్నాను. నేను నిద్రపోతున్నట్టు కళ్ళు సగం మూసుకుంటేనే అలా నడుస్తున్నారు. తెరిస్తే మామూలే. నేలమీద చెక్కలు కిర్రుమంటాయి కదా, అందుకు.

పడక. నా కాలికి మంచమంతా కావలసి వస్తోందని బైండింగు బల్ల పక్కన బెంచీ మీద పడుకుంటున్నారు. నడుము నొప్పని ఒక్కరోజు అనలేదు. నేను అడగనూ లేదు.

అరుపు. ఇది చాలా ముఖ్యం. ఆయన గొణుగుడు దేని గురించో తెలుసా? దగ్గరికి జరిగి విన్నాను. కుట్లు లెక్క పెట్టుకుంటున్నారు! ఇన్నేళ్ళూ నన్ను తిట్టుకుంటున్నారనుకుని నేను తిరిగి తిట్టాను. ఒక్కసారీ "నేను తిట్టలేదు" అనలేదు ఈయన. లెక్క తప్పుతుందని అనుకుంటాను.

ఆవలించినప్పుడు చిగుళ్ళు చూశాను, బాగున్నాయి. కళ్ళ కింద రంగు ఫరవాలేదు. నాడి చూడాలనిపించింది, ఊరికే చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని చూశాను. చాలా బెదిరారు. చెయ్యి చల్లబడిపోయింది.

మొత్తం మీద ఇది మందలో ఉండే జాతి, కానీ మందకి ఒక అడుగు పక్కన ఉంటుంది. రాత్రి కాపలా, పగలు కాపలా. కొమ్ములు పెట్టకు. చెవులు పెద్దవి పెట్టు. ఆయనకి అన్నీ వినబడతాయి.

నువ్వు ఈ పని చెప్పకపోతే నేను చూసేదాన్ని కాదు. నీకు రుణపడి ఉంటాను.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: ఈ మధ్య ఎందుకో మీ మావయ్య చాలా మర్యాదగా ఉంటున్నారు. అట్టలు కోసుకునే తన మంచి కత్తి కాంపౌండరుకి ఇచ్చేశారు. నిన్న పాలవాడికి క్షమాపణ చెప్పారు. ఎందుకని వాడు నన్ను అడిగాడు. నాకేం తెలుసు?

*

అబ్బాయికి,

మావయ్య దీవించి రాసేది.

నేను ఉత్తరాలు రాసే మనిషిని కాను. ఇది ఒక్కటీ రాస్తున్నాను. మీ అత్తయ్యకి చెప్పకు. నాకు ఎక్కువ రోజులు లేవు.

ఎవరూ చెప్పలేదు, నేనే తెలుసుకున్నాను. మీ అత్తయ్య వారం నుంచి నన్ను చూస్తోంది. మామూలు చూపు కాదు. నేను తింటుంటే చూస్తుంది, నడుస్తుంటే కాళ్ళకేసి చూస్తుంది. ఆవలిస్తే నోట్లోకి తొంగి చూస్తుంది. అరవడం మానేసింది. ఆవిడతో దొడ్లకి వెళ్ళిన రోజుల్లో చూశాను, ఇక లాభం లేదనుకున్న పశువు దగ్గరే ఆవిడ అలా మెత్తగా ఉండేది. మొన్న పట్టపగలు నా చెయ్యి పట్టుకుంది. నాడి చూస్తోందని నాకు తెలిసింది.  అప్పుడే అర్థమైంది.

నాకేం దిగులు లేదు. చేతిలో ఉన్న పుస్తకాలన్నీ కుట్టి ఇచ్చేశాను. మీ అత్తయ్యకి జావ ఎంత పల్చగా ఉండాలో కాంపౌండరుకి చూపించాను, కత్తి కూడా అతనికే ఇచ్చాను. పాలవాణ్ణి ఒకసారి పాలు పల్చనని అన్నాను, క్షమించమన్నాను. మిగిలింది నీకు చెప్పవలసిన మాట.

నువ్వు మా ఇంటికి వచ్చినందుకు సంతోషం. ఇది అప్పుడే చెప్పాలి. పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు తెలియదు. అందుకే పక్కన కూర్చుని పని చేసుకునేవాణ్ణి. నువ్వు బల్ల కింద నుంచి ఒక కాగితం బయటికి తోశావు. దాని మీద ఏదో బొమ్మ, కాళ్ళు ఎక్కువున్నాయి. ఏ జంతువో తెలియలేదు. చాలా బాగుంది. ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా అనిపించింది. నీకు గిన్నె పెట్టడం తప్ప నేనేమీ చెయ్యలేదు. నువ్వే నాకు ఎక్కువ చేశావు.

మీ అత్తయ్య మంచిది. గట్టిగా మాట్లాడుతుంది గానీ, ఆవిడ అరుపు వినబడుతున్నంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది. వారం నుంచి అరవట్లేదు, అదే భయంగా ఉంది. నేను పోయాక వారానికోసారి ఫోను చెయ్యి. ఆవిడ అరుస్తుంది, పెట్టెయ్యకు.

సెలవు.

మీ మావయ్య

తా.క.: ఇంతవరకూ రాసి కవరు కోసం లేస్తే వెనకాల మీ అత్తయ్య నిలబడి ఉంది. చేతికర్ర ఊతంతో ఎప్పుడు వచ్చిందో, అంతా చదివేసింది. "ఎవరండీ చచ్చిపోతున్నది?" అని వీధి చివరికి వినబడేలా అరిచింది. ప్రాణం లేచొచ్చింది. నేను చచ్చిపోవట్లేదట. నా గుండె ఎద్దు గుండెట. నువ్వు గేములో పెట్టడానికి నన్ను చూడమన్నావట.

ఆవిడ నవ్వి నవ్వి బెంచీ మీద కూలబడింది. తరవాత ఏడ్చింది. తరవాత గేము తెచ్చి ఆ గొణుగుణ్ణి చూపించింది. చాలాసేపు చూశాను. "నేను ఇంత పొట్టిగా ఉంటానా?" అన్నాను. "వాడు కొంచెం పెంచి గీశాడు" అంది. నచ్చింది అబ్బాయ్. ఆవిడ చెప్పినట్టు చెవులు పెద్దవి పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు.

సిగ్గుగా ఉండి ఈ ఉత్తరం చింపెయ్యబోయాను. మీ అత్తయ్య చెయ్యి పట్టుకుంది. ఈసారి నాడి చూడలేదు. "చచ్చిపోయేవాడు అనాల్సిన మాటలు బతికున్నవాడు అంటే తప్పా? పంపండి" అంది.

పంపుతున్నాను.